ఆరు కాని సాయంత్రం

పెద్దమ్మ పోయిందని మొన్న ఉదయం మేడ్చల్ బస్టాండులో నాకు చెప్పినవాడు ఆమె చేతి దెబ్బలు చాలా తిన్నవాడే. "పోయింది రా ముసల్ది. ఇగ మనల్ని కొట్టేటోళ్ళు లేరు," అన్నాడు. అని, అక్కడే మెట్ల మీద కూర్చుని ఏడ్చాడు. ఆమె గురించి నాకు తెలిసింది రాయాలనిపించింది. అందులో ఒకటి నేను ఇన్నేళ్ళూ దాచిన మాట.

ఆమె మాలో ఎవరికీ వరసకు పెద్దమ్మ కాదు. సర్కారు దవాఖానాలో కట్లు కట్టే గదిలో ఆయాగా పనిచేసి రిటైరైంది. తర్వాత సుచిత్ర దాటి మేడ్చల్ రోడ్డు మీద ఖాళీగా పడి ఉన్న ఒక కోళ్ళ షెడ్డును అడిగి తీసుకుంది. ఉండడానికి చోటు లేనివాళ్ళు పొద్దున ఎనిమిదికి వచ్చి స్నానం చేయొచ్చు, గడ్డం గీయించుకోవచ్చు, పుండ్లకు కట్టు కట్టించుకోవచ్చు. అన్నం తిని సాయంత్రం దాకా ఎవరైనా తన్ని లేపుతారన్న భయం లేకుండా పడుకోవచ్చు. మేం దాన్ని పగటిల్లు అనేవాళ్ళం. షెడ్డు యజమాని పటేల్ పెట్టిన షరతు ఒక్కటే. సాయంత్రం ఆరైతే లోపల ఒక్క మనిషి ఉండకూడదు. వాన పడుతున్నా సరే, ఎవరైనా జ్వరంతో మూలుగుతున్నా సరే, పెద్దమ్మ ఆరింటికి అందరినీ బయటికి పంపి గొళ్ళెం పెట్టేది. "మాట తప్పితే రేపు పగలు గూడ ఉండది బిడ్డా," అనేది.

జీడిమెట్లలో నేను పనిచేసిన కంపెనీ మూతపడ్డాక నేనూ అక్కడికి స్నానానికే వెళ్ళాను. ఆమెకు చదువు రాదు. నాకు సొంతంగా నేర్చుకున్న నాలుగు అక్షరాలు ఉన్నాయని తెలిసి రిజిస్టరు నా చేతికిచ్చింది.

అందరూ అనుకున్నట్టు ఆమె మెత్తటి మనిషి కాదు. తాగి వచ్చినవాడి చెంప పగలగొట్టి, అదే చేత్తో వాడి కాలి పుండులోంచి పురుగులు తీసేది. వాడు బూతులు తిడుతుంటే, "తిట్టు కొడకా, తిడితే నొప్పి తెల్వది," అని గుడ్డ ఇంకాస్త లోతుకు తిప్పేది. మొదటి ఏడాది అన్నం వరసలో ఒకడు ముందున్నవాడి మెడ మీదికి బ్లేడు తీశాడు. ఆమె వెళ్ళి ఆ బ్లేడునే గుప్పిట పట్టుకుంది. వేళ్ళ సందుల్లోంచి రక్తం కారుతుండగా, "ఇగ సంపు. సంపినంక నీ పళ్ళెం నువ్వే కడుక్కో," అంది. వాడు బ్లేడు వదిలేశాడు.

మర్నాటి నుంచి వరస ఎత్తేసింది. పేరు పిలిస్తేనే పళ్ళెం. వచ్చినవాళ్ళను వచ్చిన క్రమంలో రాసుకుని, మధ్యాహ్నం గేటు దగ్గర నిలబడి నేను గట్టిగా పిలవాలి. కొందరికి తమ పేరు గుర్తుండేది కాదు, కొందరు చెప్పేవారు కాదు. వాళ్ళకు నేనే ఏదో ఒకటి పెట్టేవాణ్ణి. టోపీ సాబ్, డబ్బా తాత, ఇట్లా. అందరూ నవ్వేవారు, పిలిస్తే పలికేవారు.

ఒక ఎండాకాలం యాభై ఏళ్ళ మనిషి వచ్చాడు. తెలుగు రాదు, హిందీ రాదు. ఎవరు కనబడ్డా అరచెయ్యి మోకాలెత్తున పెట్టి చూపిస్తూ, "పిల్ల, పిల్ల," అనేవాడు. అతని మాటల్లో మాకు అర్థమైంది అదొక్కటే. రిజిస్టరులో 'పిల్లలోడు' అని రాశాను.

అవే రోజుల్లో మేడ్చల్, శామీర్‌పేట ఊళ్ళన్నింటా పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళు తిరుగుతున్నారని పుకారు. ఒకచోట దుప్పట్లమ్మేవాణ్ణి స్తంభానికి కట్టి కొట్టారని విన్నాం. విన్నాక కూడా ఆ పేరు మార్చాలని నాకు తోచలేదు. రోజూ గేటు దగ్గర నిలబడి అదే పేరు అరిచాను.

ఒకరోజు నాలుగున్నరకు ముప్పై నలభై మంది వచ్చారు. కర్రలున్నాయి, రాళ్ళున్నాయి. ముందు నిలబడ్డవాడు మా పక్కనే టైర్ల దుకాణం నడిపేవాడు.

"నా చెవులార ఇన్న పెద్దమ్మా. పిల్లలోడా రారా అని రోజూ పిలుస్తరు. ఆణ్ణి బయటికి తోలు. నీతోని మాకు పంచాది లేదు."

"ఆడు ఎవల పిల్లల జోలికి పోలేదు. పోన్రి."

"గట్లనా? ఆరైతే మూస్తవు గద. ఈడనే కూసుంటం."

"కూసోన్రి. అన్నం మిగిలింది, తింటరా? ముందుగాల పేరు రాపియ్యాలె."

వెనక ఎవరో నవ్వారు. టైర్ల దుకాణంవాడు తిరిగి చూసేసరికి ఆ నవ్వు ఆగిపోయింది.

కోళ్ళ షెడ్డుకు నిండు గోడలుండవు. నడుమెత్తు గోడ, దాని పైన ఇనుప జాలీ. లోపల ఎవరు ఎక్కడున్నారో బయటికి కనబడుతూనే ఉంది. మూలన కూర్చున్న అతను ఏమీ తెలియక వాళ్ళ వైపే చెయ్యి మోకాలెత్తున చూపించి, "పిల్ల," అన్నాడు. ఆ మాట అన్నప్పుడల్లా జాలీ మీద రాళ్ళు పడ్డాయి.

ఆరు దగ్గరపడింది. నేను గోడ గడియారం చూశాను. పెద్దమ్మ నన్ను చూసింది. స్టూలెక్కి గడియారం దించి, ఒళ్ళో బోర్లా పెట్టుకుని కూర్చుంది.

"ఎవ్వలు లేవొద్దు. ఇంక ఆరు గాలె," అంది.

"ఆరు దాటింది ముసల్దానా!" బయటి నుంచి కేక.

"నా గడియారంల గాలె."

"ఏదీ, సూపియ్యి!"

"ఎందుకురా, రైలు తప్పుతదా నీకు?"

ఆమె మాట తప్పడం ఆ ఒక్కసారే చూశాను.

టైర్లూడదీసే రాడ్లతో జాలీ చీల్చి లోపలికి దూకారు. మొదటి దెబ్బ మూలన కూర్చున్న అతని దవడ మీద పడింది. పళ్ళు రాలి నేల మీద పడ్డాయి. పెద్దమ్మ అతని మీద అడ్డంగా పడింది. రాడ్డు ఆమె కుడిచేతి మీద రెండుసార్లు దిగింది. రెండోసారి ఎముక విరిగిన చప్పుడు అంత గోలలోనూ వినబడింది. ఒకప్పుడు పళ్ళెం కోసం మెడలు కోసుకోబోయిన మావాళ్ళే ఆ పళ్ళాలు తీసి వచ్చినవాళ్ళ మొహాల మీద కొట్టారు. డబ్బా తాత ఒకడి చెవి కొరికాడు. పెద్దమ్మ కింద ఉన్న ఆ మనిషి కాళ్ళు పట్టి ఈడుస్తున్న చేతులను నేను ఊడబెరుకుతున్నాను. ఆ పేరు నేను పెట్టిందని, దానికి అర్థం లేదని అరిచి చెప్పొచ్చు. చెప్పలేదు.

అప్పుడు పటేల్ జీపు వచ్చి ఆగింది. ఆరు దాటినా షెడ్డు మూయలేదని ఎవరో చెబితే వచ్చాడట. దిగుతూనే, "నా జాలీ ఎవడ్రా చింపింది? ఎవని షెడ్డనుకున్నర్రా?" అని అరిచాడు. మనిషి చస్తుంటే ఆగని చేతులు ఆ మాటకు ఆగాయి. ఒక్కొక్కడే రాడ్డు వెనక్కి దాచుకుంటూ, చింపిన జాలీలోంచే బయటికి పోయాడు.

దవాఖానాలో పోలీసులు అడిగారు, ఆ పేరు ఎవరు పెట్టారని. నేను నోరు తెరిచేలోగా పెద్దమ్మ, "నేనే పెట్టిన," అంది. నేను నోరు మూసుకున్నాను. ముసల్ది నోటి దురుసుతో ఒక మనిషిని చంపించబోయిందని ఆ రోడ్డు మీద ఏళ్ళ తరబడి అన్నారు. ఆమె విని ఊరుకుంది. ఆ పేరు పెట్టింది నేను. ఇప్పుడైనా అందరికీ తెలియాలి.

మూడో రోజు ఆమె మంచం దగ్గర నిలబడి, "తప్పు నాది పెద్దమ్మా," అన్నాను. ఎడమచేత్తో నా చెంప మీద కొట్టింది. "మంచిగ తగల్లే. ఎడమచెయ్యి గద," అంది. కొట్టిన చెయ్యే నాకు చాచి, "నన్ను లేపు. పోయి ఆయన అసలు పేరడుగుదాం," అంది.

మొదటి రాత్రి అతను కలవరించిన మాటలు విని, అతనిది తమిళమని ఆ వార్డులోని కేరళ నర్సు అప్పటికే చెప్పింది. అతననేది పిళ్ళై అట, అంటే బిడ్డ. తప్పిపోయిన తన బిడ్డను చూశారా అని అతను ఇన్నాళ్ళూ మమ్మల్ని అడుగుతున్నాడు. ప్రాణానికి భయం లేదు కానీ దవడకు తీగ కట్టారు, మాట్లాడలేడు. కలం ఇస్తే నేను తెచ్చిన రిజిస్టరులో రెండు మాటలు రాశాడు. నర్సుకు ఆ భాష మాట్లాడడం వచ్చు, చదవడం రాదు.

"ఏమని రాసిండు?" పెద్దమ్మ అడిగింది.

"నాకు తెలుస్తలేదు."

"ఎవలన్న సదివేటోళ్ళు దొర్కుతరు. అందాకా ఇంకో పేరు పెట్టకు."

తర్వాత ఒక తమిళ లారీ డ్రైవరు చదివిపెట్టాడు, ఒకటి పేరు, ఒకటి ఊరు. ఆ ఊరికి కబురు పంపితే ఆ మనిషి తమ్ముడు వచ్చి తీసుకుపోయాడు. బిడ్డ దొరికిందో లేదో మాకు కబురు రాలేదు. పటేల్ జాలీ మాచేత బాగుచేయించుకుని, షెడ్డు మాకే ఉంచాడు.

ఇవన్నీ తర్వాతి సంగతులు. నా కళ్ళలో ఉన్నది వార్డులో ఆ రోజు మధ్యాహ్నం. రాసి అలసిపోయి, కలం వేళ్ళ మధ్య ఉండగానే అతను నిద్రపోయాడు. తీసుకోబోతే పెద్దమ్మ కళ్ళతోనే వద్దంది. పిండికట్టు వేసిన కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని మంచం అంచున కూర్చుంది. ఎడమచేత్తో కొంగు పట్టుకుని, వాచిన అతని పెదాల మీద వాలుతున్న ఈగలను తోలింది. ఈగ లేచేది, చుట్టూ తిరిగి మళ్ళీ వాలేది. కొంగు మళ్ళీ కదిలేది.