దించని కిరీటం

రామన్నపేట దగ్గర మా ఊళ్ళో దేవుని వేషం కట్టడమంటే ముఖానికి రంగు పూసుకోవడం ఒక్కటే కాదు. ఎండాకాలంలో భాగోతం ఆడేముందు పక్షం రోజులు ఆ వేషం కట్టే మనిషి కల్లు, మాంసం మానాలి. ఆట నాడు భజన మండలి పెద్దయిన మా బాపు, అంటే మా నాన్న, అద్దం ముక్కలు అతికించిన కట్టె కిరీటానికి పూజ చేసి స్వామిని అందులోకి పిలిచేవాడు. ఆట ముగిశాక వేషగాని ఇల్లాలు తన వాకిట్లో హారతి ఇస్తేనే స్వామి సెలవు తీసుకున్నట్టు. అప్పటిదాకా కిరీటం దించకూడదు, రంగు కడగకూడదు. బాపు పక్కన కూర్చుని పురాణం వింటూ పెరిగిన నాకు ఇందులో వింతేమీ తోచేది కాదు. పిలిస్తే రాతిలోకి వచ్చే స్వామి మనిషిలోకి రాడా?

ఒక ఏడు ఆ వేషం మా వీధి చివర మగ్గం నేసే మామకు వచ్చింది. ఊళ్ళో అంత గొంతు ఇంకొకరికి లేదు, అంత తాగుడూ లేదు. పొద్దు వాలితే మగ్గం గుంటలోంచి లేచి తాటివనం దారి పట్టేవాడు. సగం నేసిన చీర అలాగే ఉండిపోయేది.

ఆ పక్షం రోజులూ మామ చుక్క ముట్టలేదు. అత్త మా అమ్మ దగ్గరకొచ్చి, "వదినా, పిలగాండ్లతోని కూసోని బువ్వ తింటాండే! ఆట అయిపోతే మల్ల తాటివనంలకే గద" అని కళ్ళు తుడుచుకుంది.

ఆట తెల్లవారేదాకా సాగింది. అందరం పాడుకుంటూ మామను వాళ్ళింటికి తీసుకొచ్చాం. అత్త గడపలో వట్టి చేతులతో నిలబడింది.

"హారతి తేవమ్మా, ఎండ ముదురుతాంది" అన్నాడు బాపు.

"తేనన్నా. స్వామి ఇప్పుడే గద మా ఇంటికొచ్చిండు. గప్పుడే పంపుతనా?"

అందరూ నవ్వారు. మామ కూడా నవ్వి అరుగు మీద కూర్చున్నాడు. హారతి మాత్రం రాలేదు. చంటిపిల్లల్ని ఎత్తుకొని ఆడవాళ్ళు కాళ్ళు మొక్కడానికి వచ్చారు. ఒక ముసలాయన తన ఆవు పాలివ్వడం లేదని మొరపెట్టుకున్నాడు. రోజూ మామతో కలిసి తాగే దోస్తు, అలవాటు కొద్దీ "రారా, పోదాం" అని వచ్చి, కిరీటం చూసి చెంపలేసుకుని వెనక్కి తిరిగాడు.

మధ్యాహ్నానికి మామ ముఖం మీది నీలిరంగు పగుళ్ళు బారింది.

"ఏమే, దురద పెడతాంది. జర హారతి ఇయ్యవే."

"ఒక్క వరమియ్యి స్వామీ, ఇస్త. మా ఆయన తాగుడు బందు కావాలె."

మామ బాపు వైపు తిరిగాడు. "బావా, జర నువ్వన్న చెప్పవయ్యా!"

బాపు చేతులు జోడించాడు. "నన్ను బావా అంటవేంది స్వామీ? నేను నీ భక్తుణ్ణి."

"సరే తియ్యి. దసరకు మాత్రం ఒక్క ముంత."

"దేవుడు గిట్ల బేరం చేస్తడా స్వామీ?" అంది అత్త.

వాకిలంతా గొల్లున నవ్వింది. నవ్వనిది మామ చిన్న బిడ్డ ఒక్కతే. ముందుకొచ్చి, ఆ నీలి ముఖంలోకి చూస్తూ, "స్వామీ, మా నాయిన మల్ల తాగుతడా?" అని అడిగింది. అరుగు మీద కూర్చున్నది తన తండ్రి అన్న సంగతి ఆ పిల్ల ఆ క్షణాన నిజంగా మరిచిపోయింది.

మామ పిల్ల తల మీద చెయ్యి పెట్టి, "తాగడు బిడ్డా" అన్నాడు.

అత్త లోపలికి ఉరికింది. వెలిగించిన హారతి పళ్ళెంతో వచ్చింది. మంగళహారతి పాట బాపు ఎత్తుకుంటే మామ కూడా గొంతు కలిపాడు.

మరునాడు దోస్తులు పిలిచారు. మామ కదలలేదు. "నేనిచ్చిన మాటైతే తప్పుదును. ఇచ్చింది స్వామి. నడుమ నేనెవణ్ణిరా?" అన్నాడు. వాళ్ళు ఎగతాళి చేశారు, కొన్నాళ్ళకు విసిగి పిలవడం మానేశారు. మామ మళ్ళీ తాగలేదు. భక్తి అంటే ఏమిటని ఎవరు అడిగినా నేను ఇప్పటికీ ఈ సంగతే చెబుతాను.

మరుసటి ఏడు భాగోతం ఆడేవాళ్ళు మామ ఇంటికి వచ్చారు. ఈసారి రాక్షసరాజు వేషం మామ కట్టాలని, ఆ గొంతుకు అదే సరిపోతుందని అన్నారు. మామ ముఖం వెలిగింది. అత్త వచ్చి తలుపుకు అడ్డంగా నిలబడింది.

"రాక్షసుని వేషమా? అది దించకముందే ఎవరికేం మాట ఇస్తడో! మీ ఆట మీరే ఆడుకోండ్రి."

మామ మగ్గం గుంటలోకి దిగాడు.