పన్నెండున్నర దాకానే బడి

పోయిన వారం లిఫ్టులో మా పై అంతస్తు అమ్మాయి, తన రెండేళ్ళ కొడుకు ప్లేస్కూల్లో బంకమట్టితో ఆడుకుంటుంటే ఫోనులో చూసుకుని మురిసిపోతోంది. గదికొక కెమెరా ఉంటుందట, తల్లి ఎప్పుడు కావాలంటే అప్పుడు చూసుకోవచ్చునట. ఆ చిన్న తెరమీద నేనూ ఆ పిల్లవాణ్ణి చూశాను, చూస్తుండగానే, బడి నుంచి వీణ్ణి తెచ్చేదెవరని అడిగేశాను. నా భయం ఆ అమ్మాయికి చెబితే నవ్విపోతుందేమో గాని, తెలంగాణ ఉద్యమంతో ఊరంతా అట్టుడికిన రోజుల్లో పసిపిల్లల్ని ఎవరి చేతుల్లోనో పెట్టి ఆఫీసులకు పోయిన నా ఈడు తల్లులకు ఆ భయం సంగతి వేరే చెప్పనక్కర్లేదు.

మాది గుంటూరు వైపు. పెళ్ళయిన చాలా ఏళ్ళకు, నాకు ముప్ఫై ఎనిమిది నిండాక పుట్టింది మా అమ్మాయి. రెండేళ్ళు రాగానే మణికొండలో మాకు నాలుగు వీధుల అవతల ఉన్న ప్లేస్కూల్లో వేశాం. ఆ బడి వారానికి మూడు రోజులే, అదీ పన్నెండున్నర దాకానే. హైటెక్ సిటీలో నా ఆఫీసేమో సాయంత్రం ఆరు దాటనిదే కదలనిచ్చేది కాదు, మావారు నెలలో సగం రోజులు చెన్నైలో ఉండేవారు. ఆ మధ్యలో మిగిలిన పొద్దంతా మా పిల్లను చూసుకున్నది మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ భార్య. పాలమూరు జిల్లా మనిషి, మా ఇంటితో కలిపి నాలుగిళ్ళలో పని చేసేది. బడి నుంచి పిల్లను తెచ్చి, అన్నం పెట్టి, నిద్రపుచ్చేది. బడి లేని రోజుల్లో తాను పనికి వెళ్ళే ఇళ్ళన్నిటికీ వెంట తీసుకుపోయేది కనుక, ఏ ఇంట్లో చిలక ఉందో, ఏ ఇంటి బామ్మ అడగకుండానే బెల్లం ముక్క పెడుతుందో మా పిల్లకు నాకంటే బాగా తెలుసు. పిల్ల ఆమెను అత్తా అని పిలిచేది. నేనూ ఇప్పుడు ఆమెను ఆ పిలుపుతోనే తలుచుకుంటాను.

ఆ ఉద్యమం నడుస్తుండగానే ఒక బడి రోజు, పొద్దున అంతా మామూలుగానే ఉంది. పదకొండు దాటాక ఎక్కడో ఏదో జరిగిందన్న వార్త వచ్చి ఉన్నట్టుండి దుకాణాలు మూయించడం మొదలైంది. బడి నుంచి ఫోను వచ్చింది, పిల్లల్ని వెంటనే తీసుకుపొమ్మని. అత్తకు చేస్తే ఫోను పలకలేదు. మళ్ళీ చేశాను, మళ్ళీ చేశాను. బడికి చేద్దామంటే ఆ తర్వాత ఏ నంబరూ కలవలేదు. ఆఫీసులో గేట్లు మూసి ఎవరినీ బయటికి పోవద్దన్నారు, నేను సెక్యూరిటీవాళ్ళతో పోట్లాడి బయటపడ్డాను. ఆటో లేదు, బస్సు లేదు. ఎండలో రాయదుర్గం మీదుగా నడక మొదలుపెట్టాను.

అంత ఖాళీ రోడ్డును నేనెన్నడూ చూడలేదు. దూరంగా ఎక్కడో టైరు కాలుతున్న నల్లటి పొగ, అప్పుడప్పుడు సైరన్లతో దూసుకుపోయే పోలీసు బండ్లు. మెడలోని ఆఫీసు కార్డు తీసి సంచీలో దాచాను. నోరు విప్పితే నా ఊరేదో తెలిసిపోతుందని మరో భయం. ఒకచోట రోడ్డుకడ్డంగా రాళ్ళు పేర్చి కూర్చున్న గుంపులోంచి కండువా వేసుకున్న పెద్దాయన ఒకడు లేచి నా ఎదురుగా వచ్చాడు.

“యాడికి పోతున్నవ్ బిడ్డా గీ ఎండల?”

పిల్ల ఎత్తెంతో చేత్తో చూపించాను, ఇంతేనన్నట్టు, నా నడుం దాకా. ఆయనకేం అర్థమైందో, తానే ఒక రాయి పక్కకు జరిపి, “జర పైలంగ పో” అన్నాడు. వెనక్కి తిరిగి చూడకుండా నడిచాను.

బడి చేరేసరికి రెండు కావొస్తోంది. గేటుకు తాళం. లోపల వరండా ఊడుస్తున్న ఆయా, గొడవ సంగతి విని పదకొండున్నరకే అత్త వచ్చి మా పిల్లను తీసుకుపోయిందని చెప్పింది. ప్రాణం లేచివచ్చి ఇంటికి పరిగెత్తాను. బడి నుంచి మా ఇంటికి పది నిమిషాల దారి. గేటు దగ్గర వాచ్‌మన్ నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

“ఇంక రాలే మేడం. నేను గూడ గదే చూస్తున్న.”

పది నిమిషాల దారికి రెండున్నర గంటలు. ఆ క్షణంలో నా బుద్ధి ఎక్కడెక్కడికి పోయిందో రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. పిల్ల చెవులకున్న బంగారు పోగులు గుర్తొచ్చాయి. ఏడాదిన్నరగా నా పిల్లను ఎత్తుకు తిరిగిన మనిషి ఊరి పేరు కూడా నాకు తెలియదన్నది గుర్తొచ్చింది. బాల్కనీల్లోంచి అందరూ చూస్తుండగా అరిచాను.

“మీవాళ్ళంతా కలిసి నా పిల్లను ఏం చేశారు?”

ఆయన ముఖంలో రంగు మారింది. చెప్పులేసుకుని, “రండి మేడం, దేవులాడుదాం” అని ముందు నడిచాడు.

గల్లీ గల్లీ తిరిగాం. ఒక మలుపులో రోడ్డునిండా గాజు పెంకులూ, రాళ్ళూ, ఎవరిదో తెగిన చెప్పు. పక్కన మూత తీసి ఉన్న మురుగు కాల్వ కనబడితే వంగి లోపలికి చూశాను. ఆయన పిల్ల పేరు పెట్టి పిలుస్తూ నడిచాడు.

పెద్ద రోడ్డు మీదికి వచ్చాక డప్పుల మోత వినబడింది. నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి ఆడవాళ్ళు వంట చేస్తున్నారు. ఆ రోజుల్లో నిరసన అట్లాగే ఉండేది, రోడ్డు మీదే వంట, రోడ్డు మీదే బంతి భోజనాలు. ఆ బంతిలో, అత్త ఒడిలో కూర్చుని, స్టీలు పళ్ళెంలో పసుప్పచ్చని అన్నం తింటూ మా అమ్మాయి.

ఒక్క ఉదుటున వెళ్ళి పిల్లను లాక్కున్నాను. పళ్ళెం బోర్లాపడింది. అంతసేపూ నిమ్మళంగా ఉన్న పిల్ల నన్ను చూసి కాదు, నేను లాగినందుకు బెదిరి ఏడ్చింది. అత్త ఏదో చెప్పబోయింది. “ఇంకెప్పుడూ నా గడప తొక్కకు” అనేసి వచ్చేశాను. దారిలో ఏడుపు మాని, పిల్ల నా చెవిలో మెల్లగా “జై తెలంగాణ” అంది, కొత్తగా నేర్చుకున్న పాటలాగా.

మర్నాడు అత్త రాలేదు. రెండు రోజులు సెలవు పెట్టాను. ఆ రెండు రోజులూ పిల్ల తలుపు దగ్గరే కూర్చుని అత్త ఏదని అడిగింది. మూడో రోజు పిల్లనెత్తుకుని మెట్లకింద వాళ్ళ గదికి వెళ్ళాను. అన్నాళ్ళలో ఆ గడప లోపలికి వెళ్ళడం అదే మొదటిసారి. తప్పయిందన్నాను. పిల్ల అత్త మెడను కరుచుకుంది. నావైపు చూడకుండానే ఆమె చెప్పింది.

“పిల్లను ఎత్తుకొని గల్లీల అడుగు పెట్టంగనే పోరగాళ్లు ఉరుకుతున్రు, ఎంబడి పోలీసోళ్లు. రాళ్లు పడుతున్నయ్. ఇంటి దిక్కు పోతే పిల్లకు తాకుతదని ఆడోళ్లు కూసున్న కాడికి ఉరికిన. ఆడోళ్ల మీదికి లాఠీ రాదనుకున్న. ఫోన్ల చార్జింగ్ లేకపాయె.” పిల్ల జుట్టు సర్దుతూ మళ్ళీ అంది, “మీ తానికే తెద్దామనుకున్న మేడం. మీ ఆఫీసు యాడుంటదో నాకు తెల్వదు. ఎన్నడన్న చెప్పిన్రా?”

నేను చెప్పలేదు. ఆమె ఊరు నేనడగలేదు, నా ఆఫీసు ఆమెకు చెప్పలేదు. ఆ రోజే కాగితం మీద రాసిచ్చాను, ఏ సర్కిల్ దగ్గర దిగాలో, ఏ గేటులో ఎవరినడగాలో. ఆమెకు చదువు రాదు, వాచ్‌మన్ రెండుసార్లు చదివి వినిపించాడు. మా అమ్మాయి పెద్ద బడికి వెళ్ళేదాకా మరో రెండేళ్ళు అత్తే చూసుకుంది. మీవాళ్ళంతా అని నేనరిచిన మాట సంగతి ఆమె గానీ ఆయన గానీ మళ్ళీ ఎత్తలేదు. ఎత్తి ఉంటే నాకు కాస్త తేలికయ్యేదేమో.

తరవాత రాష్ట్రం వచ్చింది, వాళ్ళిద్దరూ పొలం చూసుకోవడానికి ఊరికి వెళ్ళిపోయారు, మా అమ్మాయి ఇప్పుడు నాకంటే పొడుగు. ఆ నడిరోడ్డు మీద ఇవాళ నిమిషంసేపు నిలబడటానికి కూడా చోటుండదు. మీవాళ్ళు, మావాళ్ళు అన్న మాటలు మా అపార్ట్‌మెంట్‌లో ఇప్పుడెవరి నోటా వినబడవు, అది సంతోషమే. మెట్లకింద గదిలోకి మాత్రం సెక్యూరిటీ ఏజెన్సీవాళ్ళు నెలకొక కొత్త మనిషిని పంపుతారు. మొన్న సాయంత్రం వాన పడుతుంటే, ఆ గదిలో ఉన్నాయనను టీకి పిలుద్దామని తలుపు దాకా వెళ్ళాను. ఆయన పేరేమిటో, ఏమని పిలవాలో తెలియక కాసేపు అక్కడే నిలబడి, తిరిగి పైకి వచ్చేశాను.