వదులు మూత, నూనె గీత

ఆయన్ని వీధిలో అందరూ కాగితం మేస్త్రీ అంటారు. ఆయన చేసేది కాగితాల పని కాదు, చెట్లు కోసే రంపం మిషన్లు బాగుచేసే పని. ఆ పేరెలా వచ్చిందంటే, బాగుచేసిన ఏ మిషనైనా షెడ్డు గడప దాటాలంటే కాగితం పరీక్ష నెగ్గాల్సిందే. తెల్ల కాగితం బల్ల మీద పరిచి, మిషను స్టార్ట్ చేసి, చెయిన్ తిరిగే ఆ పొడుగాటి ఇనప పట్టీ ఉంటుంది చూడండి, బారు అంటారు, దాని కొసని కాగితానికి జానెడు దూరంలో పెట్టి రెయ్యిమని తిప్పుతాడు. చెయిన్‌కి నూనె అందుతుంటే కాగితం మీద సన్నటి గీత పడుతుంది. పడకపోతే మిషను మళ్లీ బల్లెక్కుతుంది. గీత పడిన కాగితం మీద తేదీ, మిషను ఎవరిదో రాసి గోడ మేకుకి గుచ్చుతాడు. ముప్పై ఏళ్లుగా ఇదే తంతు.

మనిషి మంచివాడే, పనిమంతుడే. కాకపోతే ఒకరు చెబితే వినే రకం కాదు. మిషను తెచ్చినవాడు నోరు విప్పబోతే చాలు, "నువ్వు కోసుకో, నేను చూసుకుంటా" అని అక్కడికక్కడే నోరు మూయించేవాడు. ఆ ఒక్క జబ్బే లేకపోతే ఇవాళ ఈ సంగతి చెప్పుకోవాల్సిన ఖర్మ పట్టేది కాదు.

ఆ రోజు పొద్దున్నే బావమరిది మిషను భుజాన వేసుకుని వచ్చాడు. బావమరిదనే గానీ సొంత కొడుకుతో సమానం. అమ్మానాన్నా పోయాక పదేళ్లప్పుడు అక్క చెయ్యి పట్టుకుని ఈ ఇంటికి వచ్చినవాడు. ఇప్పుడు ముప్పై దాటాయి, చెట్లు కోసి బతుకుతున్నాడు. ఆ పాత మిషను కూడా పనిలోకి దిగిన మొదటిరోజు బావ చేతుల్లో పెట్టిందే. కొత్తది కొనుక్కోరా అంటే, "నీ చేతి మిషను ఉండగా నాకింకోటెందుకు బావా" అనేవాడు.

"బారు ఎండిపోతోంది బావా," అన్నాడు మిషను బల్ల మీద పెడుతూ.

మేస్త్రీ చూశాడు. బారు అంచు నీలంగా తిరిగిపోయింది. ఇనుము ఆ రంగుకొచ్చిందంటే ఎంత కాలిందో ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

"నూనె పొయ్యకుండా కోశావట్రా?"

"అయ్యో, నిండా పోశాను బావా. మొదట పది నిమిషాలు బాగానే ఉంటుంది. తర్వాత పొగలొస్తాయి. ఏమైందా అని మూత తీస్తే లోపల నూనె అలాగే ఉంటుంది. మూత బిగించి మళ్లీ మొదలెడితే ఇంకో పది నిమిషాలు బాగుంటుంది. ఇదేం విచిత్రమో!"

"ఓహో! మూత తీసి పలకరిస్తే బాగైపోతోందా? అయితే నా దగ్గరికెందుకు తెచ్చావు, గంటగంటకీ పలకరించు. పక్కకి జరుగు, నన్ను చూడనీ."

గుమ్మంలో కాఫీ గ్లాసులతో నిలబడ్డ అక్క నవ్వింది. బావమరిదీ నవ్వేశాడు. చెప్పవలసిన ముక్క వాడు చెప్పేశాడు, వినవలసినవాడు వినలేదు. ఆ నవ్వుతో అది కాస్తా గాలికి పోయింది.

మేస్త్రీ చెయిన్ విప్పాడు. బారు మీద నూనె దిగే రంధ్రం పొట్టుతో బంకకట్టి మూసుకుపోయింది. సన్నటి తీగతో గీకి శుభ్రం చేశాడు. ట్యాంకులోంచి నూనె పైపు లాగితే అది బిరుసెక్కి పగిలి ఉంది. "ఇదిగో దొంగ దొరికాడు!" అని సంబరంగా పైకెత్తి చూపించాడు. కొత్త పైపు వేసి, కొసనున్న జల్లెడ కడిగి, పంపు పళ్లు వేలితో తడిమి చూశాడు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఒక్కటి మాత్రం చూడలేదు. దొంగ దొరికాక ఇంకా వెతికేదెవరు?

బావమరిది నిలబడలేకపోతున్నాడు. మొన్నటి గాలివానకి నాలుగు వీధుల అవతల పెద్ద చెట్టు రోడ్డుకి అడ్డంగా పడింది. బళ్లు ఆగిపోయాయి. అందరూ వాడి కోసమే చూస్తున్నారు.

"చెయిన్ తెగితే పట్టుకునే కొక్కెం విరిగిపోయిందిరా. పిడి దగ్గర చేతికి అడ్డుండే రేకూ లేదు. సాయంత్రం దాకా ఉంచు."

"రేపు తెస్తాగా. నూనె అందుతుంటే చెయిన్ ఎందుకు తెగుతుంది బావా? కాగితం చూపించు, చాలు."

ఆ మాటకి మేస్త్రీ కరిగిపోయాడు. నూనె పోశాడు. మళ్లీ తీసి చూడాలి కదా అని మూత బిగించకుండా ఊరికే మీద ఆనించి మిషను స్టార్ట్ చేశాడు. ముప్పై ఏళ్లుగా అలాగే చేస్తున్నాడు. అర నిమిషం తిప్పాడు. కాగితం మీద కాటుక గీసినట్టు గీత పడింది. బావమరిది మూత గట్టిగా బిగించి, మిషను బండికి కట్టుకుని వెళ్లిపోయాడు. మేస్త్రీ కాగితాన్ని మేకుకి గుచ్చాడు.

అరగంట తర్వాత భార్య కొత్త నూనె డబ్బా తెచ్చి, మూలన ఒక చిల్లు పొడిచి సీసాలోకి వంచింది. నాలుగు గుటకలు పడి ఆగిపోయింది. డబ్బా కుదిపింది. ఊహూఁ.

"ఏవండీ, బల్ల మీది ఆ మేకు ఇలా ఇవ్వండి. రెండో చిల్లు పెట్టడం మర్చిపోయాను. గాలి పోకపోతే నూనెలా వస్తుంది, నా మతి మండ!"

మేస్త్రీ మేకు అందించబోయి ఆగిపోయాడు. ట్యాంకు పక్కన సూదిమొన దూరేంత రంధ్రం ఒకటుంటుంది, లోపలికి గాలి పోవడానికి. అది మూసుకుపోతే మూత బిగించిన కాసేపటికి నూనె కదలదు. మూత తీస్తే గాలి పోయి మళ్లీ వస్తుంది. పది నిమిషాలు బాగుంటుంది. వాడు పొద్దున చెప్పింది అక్షరాలా అదే.

మేకు అక్కడే పడేశాడు. ఫోన్ చేశాడు. మోగింది, మోగింది, ఎత్తలేదు. చెవులకి అడ్డం పెట్టుకుని కోసేవాడికి ఫోన్ ఏం వినబడుతుంది? స్కూటరు తీశాడు. వెనక నుంచి భార్య "ఏమైందండీ?" అని అరుస్తూనే ఉంది.

రెండో వీధి మలుపులోనే మిషను మోత వినిపించింది. ఆయన చెవికి మిషన్ల గొంతు తెలుసు. అది మామూలు గొంతు కాదు, ఈడ్చుకుంటూ మూలుగుతోంది. మూడో వీధిలో కాలిన చెక్క వాసన తగిలింది. "ఆపరా! ఒరే, ఆపరా!" అని బండి మీద నుంచే గొంతు చించుకున్నాడు. దారినపోయేవాళ్లు ఆయన్ని వింతగా చూశారు. నాలుగో వీధిలోకి తిరుగుతుండగా టప్‌మని ఒక చప్పుడైంది. మోత ఆగిపోయింది.

చెయిన్ తెగి వెనక్కి కొట్టింది. పట్టుకోవడానికి కొక్కెం లేదు, అడ్డుకోవడానికి రేకు లేదు. కుడిచేతి రెండు వేళ్లు పోయాయి.

ఆసుపత్రి మంచం మీద కట్టుకట్టిన చెయ్యి గుండెల మీద పెట్టుకుని, వాడు మొదట అన్న మాట ఇది: "తప్పు నాదే బావా. పాత నూనె ఏదైనా కలిసిపోయిందేమో. నువ్వు కాగితం చూపించే కదా ఇచ్చావు."

"బావ చెబితే ఎప్పుడు విన్నావురా నువ్వు," అని అక్క తమ్ముడి తల నిమురుతూ ఏడ్చింది.

ఊరుకుంటే సరిపోయేది. ఆయన్ని అడిగేవాళ్లెవరూ లేరు. కానీ ఆ మనిషి వల్ల కాలేదు. "వాడు చెప్పాడే. మూత తీస్తే బాగుంటోందని పొద్దున్నే చెప్పాడు. నేనే వినలేదు. మూత వదులుగా పెట్టి గీత చూపించాను," అన్నాడు. భార్య చెయ్యి తమ్ముడి తల మీదే ఆగిపోయింది. బావమరిది కప్పు వైపు చూస్తూ ఉండిపోయాడు.

మర్నాడు మేస్త్రీ గోడ మేకు నుంచి కాగితాలన్నీ దించి బల్ల మీద పరిచాడు. అన్నిటి మీదా చక్కటి గీతలే. అన్నీ మూత వదులుగా పెట్టి తీసినవే. "మళ్లీ ఎండిపోతోంది మేస్త్రీ" అని తిరిగొచ్చినవాళ్లు గుర్తొచ్చారు. చెత్త నూనె పోస్తున్నారని వాళ్లనే తిట్టి పంపాడు. అలా గాలి రంధ్రం ఉండే పాత రకం మిషన్లవి వేరుచేస్తే ఇరవై మూడు కాగితాలు తేలాయి.

అప్పట్నుంచి జేబులో సూది పెట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతున్నాడు. మిషను దొరికితే రంధ్రం పొడిచి, మూత బిగించి, పావుగంట తిప్పి చూసి, ఆ కాగితం చింపేస్తున్నాడు. పధ్నాలుగు చింపాడు. మిగిలిన తొమ్మిదీ చేతులు మారి ఎక్కడికి పోయాయో ఎవరికీ తెలీదు. ఏ వీధిలో రంపం మోగినా అన్నం ముందు నుంచి కూడా లేచి గుమ్మంలోకి వస్తాడు. ఆ మోత దానంతటది ఆగేదాకా అక్కడే నిలబడి ఉంటాడు.