అయిదో స్విచ్

రెండువేల సంవత్సరం దాటిన తొలినాళ్లలో నేను అడవి అంచున ఒక చిన్న మిషన్ దవాఖానాలో డ్రైవర్‌ని. దమ్మపేట దాటి ఇంకా లోపలికి పోవాలి. దవాఖానాను ఒక సిస్టరమ్మ నడిపేది. కన్యాస్త్రీ, నర్సు చదువుకున్న మనిషి. బండి పాత డీజిల్ పికప్. వెనక రేకు కప్పు వేయించి, రెండు బెంచీలూ, ఎవరో దానంగా ఇచ్చిన ఆక్సిజన్ మిషనూ పెట్టాం. ఆ మిషన్‌కు కరెంటు కావాలి. బండి బ్యాటరీకి ఇన్వర్టర్ తగిలించి దాన్ని నడిపేవాళ్లం.

బండి పోతున్నంతసేపు బాగానే ఉండేది. ఆగితేనే తంటా. ఇంజిన్ నెమ్మదిగా తిరిగితే బ్యాటరీకి చార్జింగ్ చాలదు. కాసేపటికి ఇన్వర్టర్ కీచుమని అరిచి ఆగిపోయేది. ఒకసారి వాగు పొంగి దారి మూసుకుపోయినప్పుడు, వెనకున్న ఉబ్బసం ముసలాయన కోసం గంటసేపు యాక్సిలేటర్ మీద నుంచి కాలు తీయకుండా కూర్చున్నాను. ఆయన్ను లేపి కూర్చోబెట్టమని సిస్టరమ్మ పిలుస్తూనే ఉంది. నేను దిగితే మిషన్ ఆగుతుంది. దిగలేకపోయాను.

ఆ వారమే బండి ఖమ్మం తీసుకుపోయాను. అక్కడ బండ్ల వైరింగు పని చేసే ఒకాయన ఉండేవాడు. తండ్రి నాటి షెడ్డు. అందరం భాయ్ అనేవాళ్లం. నా గోడు విని ఆయన బానెట్ ఎత్తి చూశాడు.

"ట్రాక్టర్‌కు చేతి యాక్సిలేటర్ ఉంటది కద తమ్మీ, గట్లనే దీనికీ పెడ్త. ఈ గుబ్బ గుంజితే ఇంజిన్ రేసు పెరిగి గట్లనే నిలవడతది. లోపలికి నూకితే తగ్గుతది. గుంజి ఉంచి మాత్రం గేర్ వెయ్యకు, బండి ఉరుకుతది."

స్టీరింగ్ పక్కన ఒక రేకు బిగించి, దానికి ఆ గుబ్బతో పాటు అయిదు స్విచ్‌లు కూడా పెట్టాడు. వెనక లైటు, ఫ్యాను, ఇన్వర్టర్, రివర్స్ లైటు. అయిదోది దేనికని అడిగాను.

"ఖాళీదే. ఉండనీ, రేపు ఏదన్న పెట్టుకుంటవ్" అని, దాని వైర్లు రెండూ బానెట్ లోపలికి తీసి, కొసలకు టేపు చుట్టి వదిలాడు. స్విచ్‌ల మీద పేర్లు రాయించాలని నాకు తోచలేదు.

రెండు నెలల తర్వాత వానాకాలంలో ఒక కబురు వచ్చింది. అడవి లోపలి గూడెంలో పుట్టి రెండు రోజులైన ఆడపిల్లకు ఊపిరి ఆడటం లేదట. బండి పోయినంత దూరం పోయి, దారి పక్కన వదిలేసి, నేనూ సిస్టరమ్మా నడిచాం. రెండు గంటల తర్వాత తల్లినీ పిల్లనూ తీసుకొని తిరిగొచ్చాం. పిల్ల పెదాలు నీలంగా ఉన్నాయి. ముక్కు దగ్గర గొట్టం పెట్టగానే కొంచెం రంగు తిరిగింది. భద్రాచలం పెద్ద దవాఖానాకు బయలుదేరాం.

అంతకు వారం ముందే అటు రోడ్డు మీద మందుపాతర పేలింది. మధ్యాహ్నం మూడింటికి మేము పోయేసరికి, ఎప్పుడూ లేని చోట కర్ర అడ్డం పెట్టి, ఇసుక మూటల వెనక పోలీసులు నిలబడి ఉన్నారు. ఎస్.ఐ. కుర్రవాడు. నన్ను దిగమన్నాడు.

దిగే ముందు అలవాటుగా గుబ్బ గుంజాను. ఇంజిన్ ఒక్కసారిగా గట్టిగా మోగింది. నేను కింద కాలు పెట్టాక, సీట్లో ఎవరూ లేకున్నా అలాగే మోగుతోంది.

నాలుగు తుపాకులు నా వైపు లేచాయి. చేతులు వాటంతట అవే పైకి పోయాయి.

"ఏం గుంజినవ్? ఇంజిన్ బంద్ చెయ్" అని ఎస్.ఐ. అరిచాడు.

"బంద్ చేస్తే లోపల పిల్లకు గాలి ఆగుతది సార్. రెండు దినాల పిల్ల."

ఒక పోలీసు దూరం నుంచే కిటికీలోంచి తొంగి చూశాడు. "సార్, లోపల స్విచ్‌లున్నయ్. వైర్లు ఇంజిన్ దిక్కు పోయినయ్." ఆ మాటతో అందరూ నాలుగడుగులు వెనక్కి వేశారు. వాళ్ల ముఖాల్లో ఉన్నది కోపం కాదు. నాకు ఎంత భయమో వాళ్లకూ అంతే భయం. అది కనిపించాక నాకు ఇంకా భయమేసింది.

లోపలున్నవాళ్లు దిగాలని ఎస్.ఐ. అన్నాడు. సిస్టరమ్మ తలుపు దగ్గరకు వచ్చి, "పాపను మిషన్ నుంచి తీయలేను. నేను దిగను" అని చెప్పి లోపలికి వెళ్లిపోయింది. తల్లి కూడా దిగలేదు.

ఎస్.ఐ. నా వైపు తిరిగాడు. "సరే, నువ్వొక్కనివే ఎక్కు. ఒక్కొక్క స్విచ్ వేసి అదేందో చెప్పు" అని మూటల వెనక్కి పోయాడు.

ఎక్కాను. మొదటిది వేశాను. "వెనక లైటు సార్." రెండోది. "ఫ్యాను." మూడో దాని మీద వేలు పెట్టకుండా, "ఇది మిషన్‌ది, దీన్ని ముట్టను సార్" అని అరిచి చెప్పాను. నాలుగోది రివర్స్ లైటు.

"అయిదోది?"

"అది ఖాళీది సార్. దేనికీ లేదు."

"దేనికీ లేనిది ఎందుకున్నది? వెయ్."

అప్పుడు గుర్తొచ్చింది. బండి రెండు గంటలు అడవిలో ఒంటరిగా నిలబడి ఉంది. బానెట్‌కు తాళం లేదు. లోపల రెండు వైర్లు ఊరికే వేలాడుతున్నాయి. ఎవరైనా వచ్చారా? వాటికి ఏమైనా కట్టారా? అంతవరకు నా బండి అంటే నాకు భయం లేదు. వెనక పిల్ల ఏడుపు సన్నగా వినిపిస్తోంది. ఏడుస్తోందంటే ఊపిరి ఉందన్నమాట. వేలు స్విచ్ మీద పెట్టాను, తీశాను. చెమటకు వేలు జారింది. "వెయ్" అని మళ్లీ కేక. కళ్లు మూసుకొని వేశాను.

ఏమీ కాలేదు. ఇంజిన్ అలాగే మోగుతోంది. కళ్లు తెరవడానికి మాత్రం కొంతసేపు పట్టింది.

పోలీసుల్లో నడివయసు హెడ్ కానిస్టేబుల్ ఒకాయన ముందుకొచ్చాడు. ఒకప్పుడు లారీ నడిపినవాడట. బానెట్ ఎత్తి, గుబ్బ నుంచి వచ్చిన తీగ పట్టుకొని వెంట చూసుకుంటూ పోయి, వేలితో లాగి వదిలాడు. ఇంజిన్ పెరిగి తగ్గింది. "ట్రాక్టర్ లెక్కనే సార్. పోనియ్యుండ్రి" అన్నాడు. కర్ర లేచింది.

గుబ్బ లోపలికి నూకి, గేర్ వేశాను. క్లచ్ సరిగ్గా వదలలేక బండి రెండుసార్లు ఆగిపోయింది.

భద్రాచలం చేరాక, పిల్లను లోపలికి తీసుకుపోయాక, ఆ తల్లి నాతో వచ్చీరాని తెలుగులో ఒక మాట చెప్పింది. నేను స్విచ్‌లు వేస్తున్నంతసేపు సిస్టరమ్మ తన వీపు నా సీటు వైపు తిప్పి, పిల్లకు అడ్డుగా మీదికి వంగి, అలాగే ఉండిపోయిందట. సిస్టరమ్మ ఆ సంగతి నాతో ఎప్పుడూ అనలేదు.

మర్నాడు పొద్దున, సిస్టరమ్మను పిల్ల దగ్గరే ఉంచి, ఒక్కణ్నే తిరుగు దారి పట్టాను. చెక్‌పోస్టు దగ్గర ఆ ఎస్.ఐ. తానే కిటికీ దగ్గరకు వచ్చాడు.

"పిల్ల ఎట్లున్నది?"

"ఇంకా ఆక్సిజన్ మీదనే ఉన్నది సార్. పాలు తాగుతున్నదట."

ఆయన తలూపాడు. "నిన్న రాత్రంతా నిద్ర పట్టలే" అని, కర్ర ఎత్తమని సైగ చేశాడు.

పిల్ల ఎనిమిదో రోజుకు ఇల్లు చేరింది. ఆ పొద్దున మాత్రం నాకు అదేమీ తెలియదు. చెక్‌పోస్టు కనుమరుగయ్యాక బండి పక్కకు ఆపి, దిగి, తుప్పల్లో వాంతి చేసుకున్నాను. మళ్లీ సీట్లో కూర్చోవడానికి చాలాసేపు మనసు రాలేదు.