పాత కట్టు మీద కొత్త తాడు

చెట్టు మీది నుంచి పడ్డవాడిదే తప్పని తేల్చడానికి మీకు ఎంతసేపు పడుతుంది? మా ఊరికి ఒక పూట పట్టింది. ఇక్కడ ఖతార్‌లో మా కూలీల క్యాంపుకు ఆ మాత్రం కూడా పట్టలేదు.

నా చిన్నప్పుడు మా ఊరి మక్కచేలకూ అడవికీ మధ్య ఒక ఇప్పచెట్టు మీద మంచె ఉండేది. పంటకాలంలో మగవాళ్లు వంతులవారీగా దాని మీద కూర్చుని అడవిపందులను వేటాడేవారు. పంట ఇల్లు చేరాక ఎవరూ దాని వంక చూసేవారు కాదు. మళ్లీ కాలం వచ్చినప్పుడు కోడిని కోసి, మంచెను చెట్టుకు బిగించే నాలుగు కట్లకూ పసుపు పూసి, పాత తాడు మీదే కొత్త తాడు చుట్టి ఎక్కేవారు. పూజ చేసిన కట్టును విప్పకూడదని నియమం. ఏటేటా కట్టు లావెక్కేది. లావెక్కినకొద్దీ గట్టిపడుతోందని అందరూ నమ్మేవారు.

ఒక ఏడాది అందులో ఒక కట్టు తెగి మా మేనత్త భర్త కిందపడి చనిపోయాడు. చెప్పులతో ఎక్కాడన్నారు, మైలతో ఎక్కాడన్నారు. తెగిన చోట కొత్త తాడు వేసి, మిగిలిన మూడింటి మీదా మరుసటి ఏడు మళ్లీ కొత్త తాడు చుట్టి పసుపు పూశారు. ఆ ఏడు మొదటి వంతు మా నాన్నది.

పూజ అయిన పొద్దున ఊరంతా చూస్తుండగా మా అత్త కొంగు బిగించి, కొడవలి పట్టుకుని నిచ్చెన ఎక్కింది. భర్త పోయిన ఆడమనిషి ఆ పూజ దగ్గరికి రావడమే తప్పని అనుకునే రోజులవి. పూజ చేసిన పెద్దాయన కింద నుంచి అరిచాడు.

"కట్టు కోస్తే అడవితల్లి ఊకుంటదా?"

"ఊకోకుంటే నన్నే పట్టుకొమ్మను. నా మొగన్ని పట్టిననాడు నీ పూజ యాడికి పోయింది?" అంటూ మా అత్త ఆ మూడు పాత కట్లనూ ఒక్కొక్కటే కోసి కిందికి పడేసింది. ఒకటి నా కాళ్ల దగ్గర పడింది. "ముట్టుకొని చూడు కొడుకా," అంది.

పైన పసుపు, నిన్నటి తాడు. లోపలి తాళ్లు నా వేళ్ల మధ్య పొట్టులా రాలిపోయాయి. వానకాలంలో చెట్టు లావెక్కుతుంది, బిగించిన తాడు సాగదు. చెట్టు లోపలి నుంచి నెట్టి నెట్టి దాన్ని చంపేస్తుంది. కొత్త తాడు పట్టుకున్నది ఆ పొట్టునే. మిగతా రెండు కట్లూ అంతే. ఆమెను తిట్టనివాళ్లు లేరు. కానీ మా నాన్న ఆ రోజు ఎక్కలేదు, అందుకే మాకు మిగిలాడు.

ఇప్పుడు నేను అల్ షహానియాలో ఒక తోటలో పనిచేస్తున్నాను. ఇక్కడ పెద్ద పెద్ద రేగుచెట్ల మీద ఆరు మంచెలున్నాయి. చలికాలంలో యజమాని కొడుకులు పక్షుల వేటకు వాటి మీద కూర్చుంటారు. వేసవి నెలల్లో వాటి జోలికి ఎవరూ పోరు. ఆ ఎండకు నైలాన్ తాడు కూడా పెళుసెక్కి పీచుపీచవుతుంది. సీజన్ ముందు మావాళ్లు చేసేదేమిటి? పాత తాడు మీద కొత్త నీలం తాడు చుట్టి, నజ్మా బజారు నుంచి తెచ్చిన నిమ్మకాయ కడతారు.

పోయిన వారం నిర్మల్ దిక్కు మనిషి ఒకడు పైన పరిచే తివాచీ భుజాన వేసుకుని మంచె ఎక్కబోతున్నాడు. ఇద్దరు ఆడపిల్లల తండ్రి. పాత కట్టు విప్పి చూడమన్నాను.

"కొత్త తాడు కట్టినం, నిమ్మకాయ కట్టినం, ఇంకేం గావాలె కాకా? భయమైతే నువ్వు కింద నిలవడి చాయ్ తాగు," అన్నాడు. అందరూ నవ్వారు. నాకు సిగ్గేసింది. ఊరుకున్నాను.

కట్టు తెగి కిందపడ్డ అతను ఆసుపత్రిలో ఇంకా కళ్లు తెరవలేదు. "మంగళారం పూట ఎక్కొద్దంటే ఇన్నడా?" అంటోంది క్యాంపు. సేఫ్టీ బెల్టు పెట్టుకోలేదు, తప్పు అతనిదే అన్నాడు మేనేజరు. ఆ చెట్టు ఎక్కేవాళ్లకు ఎన్నడూ బెల్టు ఇచ్చింది లేదు. తెగిన తాడును నేను చేత్తో పట్టి చూశాను. నీలం తాడు కింద ఉన్నదంతా పొడి. మిగిలిన అయిదు మంచెలూ శుక్రవారానికి సిద్ధం కావాలట. యల్లా, యల్లా, త్వరగా కానివ్వండి అంటున్నాడు. వాటి కట్లు విప్పనిదే ఎవరినీ ఎక్కనివ్వనని చెప్పాను. ముసలోడికి మతి తప్పిందంటున్నారు, నన్ను ఇంటికి పంపే టికెట్ తీయిస్తామంటున్నారు.

మా అత్త ఊరు మొత్తాన్ని ఎదిరించింది. నేను నలుగురి నవ్వుకు ఓడిపోయాను. ఆమె ఆ రోజు నా చేతిలో పెట్టిన సంగతి నాకు యాభై ఏళ్లుగా తెలుసు. తెలిసీ నోరు మూసుకున్నందుకు ఒక మనిషి గొట్టాల మధ్య పడి ఉన్నాడు. ఆ బరువుతోనే ఇది రాస్తున్నాను.

మీ ఇంటి మనిషి ఎవరైనా ఇక్కడ చెట్లు, మంచెలు, బిల్డింగుల సారువలు ఎక్కే పనిలో ఉంటే ఈ పేజీ పక్కన పెట్టి ఇప్పుడే ఫోన్ చేయండి. పూజ సంగతి అడగొద్దు. లోపలి కట్టు విప్పి చూశారా అని అడగండి. విప్పలేదంటే, ఎవరు నవ్వినా, ఎవరు అరిచినా, ఎక్కొద్దని చెప్పండి.