చాయ్ పొయ్యి మీదున్నది

పొద్దున వంటింట్లోంచి అల్లం దంచిన వాసన వస్తోంది. మనవరాలు తలైనా దువ్వుకోకుండా స్నేహితురాలికి ఫోనులో "దారిలో ఉన్నానే" అని చెబుతోంది. "చాయ్ పొయ్యి మీదున్నది" అన్నాను. ఇంటిల్లిపాదీ నవ్వారు. జరగని పనిని జరుగుతున్నట్టు చెప్పేవాళ్ళందరికీ మా ఇంట్లో తగిలించే మాట ఇది. మాట రాజవ్వది. ఆమెను చూసినవాళ్ళలో నేనొక్కదాన్నే మిగిలాను గనక, నేనే చెప్పాలి.

రాజవ్వ హైదరాబాదు తార్నాకలో మా ఇంటి యజమానురాలు. నాన్న యూనివర్సిటీ ఆఫీసులో గుమాస్తా. కర్నూలు నుంచి వచ్చి ఆమె ఇంట్లో రెండు గదుల్లో అద్దెకుండేవాళ్ళం. అమ్మకు నోరు పెద్దది, రాజవ్వకు ఇంకా పెద్దది. అయినా ఇద్దరికీ ఒక్కనాడూ చెడలేదు. అరవై తొమ్మిదిలో క్యాంపస్ అంతా ప్రత్యేక తెలంగాణ ఉద్యమంతో అట్టుడికింది. బయటివాళ్ళు వెళ్ళిపోవాలన్న నినాదాలు మా వీధి దాకా వినిపించేవి. వాటిలో రాజవ్వ కొడుకు మల్లేశం గొంతు కూడా ఉందని నాన్నకు తెలుసు. ఒక మధ్యాహ్నం నాన్న ఇంటికొచ్చి, ఉద్యోగం పోతే పోనీ, సాయంత్రం బండికి కర్నూలు వెళ్ళిపోతున్నామని చెప్పేశాడు. బడీ స్నేహితులూ అన్నీ పోతాయని నేను ఒకటే ఏడుపు.

రిక్షాలో ట్రంకుపెట్టె ఎక్కించి, చెప్పి వెళ్దామని రాజవ్వ దగ్గరికి వెళ్ళాం. ఆమె వద్దనలేదు. చాయ్ తాగకుండా గడప దాటితే తన ఇంటికి మంచిది కాదంటూ నాన్నను మంచం మీద కూర్చోబెట్టింది. హైదరాబాదులో చాయ్ కాదనడం ఎంత తప్పో నాన్న అప్పటికే నేర్చుకున్నాడు. బండి టైమవుతోందని ఆయన ఎన్నిసార్లు అన్నా లోపలినుంచి ఒకటే జవాబు: "చాయ్ పొయ్యి మీదున్నది సారూ." మంచినీళ్ళ వంకతో నేను లోపలికెళ్ళి చూద్దును కదా, పొయ్యి అంటించనేలేదు! రాజవ్వ కాళ్ళు చాపుకుని చింతపండు గింజలు తీస్తోంది. నన్ను చూసి నోటిమీద వేలు పెట్టుకుంది. నాకు ప్రాణం లేచొచ్చింది. కిక్కురుమనకుండా పక్కన కూర్చుని నేనూ గింజలు తీశాను.

కాచిగూడలో బండి కదిలే వేళ దాటాక నాన్నకు తిక్కరేగింది. లోపలికొచ్చి చల్లటి పొయ్యిని చూసి, ఇదేం పనమ్మా అన్నాడు. ఆమె తల ఎత్తలేదు.

"పోయేటోళ్ళకు చాయ్ ఏంది సారూ? ఉండేటోళ్ళకైతే ఇప్పుడే పెడ్తా."

నాన్న బయటికి వెళ్ళి రిక్షాలోంచి పెట్టె దించేశాడు.

చీకటిపడే వేళకు మల్లేశం అరిచి అరిచి గొంతు పోయి ఇంటికొచ్చాడు. రాజవ్వ అతన్నీ నాన్ననీ పక్కపక్కనే కూర్చోబెట్టి చాయ్ పోసింది. "గాడ నువ్వెంతైనా ఒర్రుకో కొడుకా. గీడ ఉన్నోళ్ళు మనోళ్ళు" అంది. మర్నాటి నుంచి మల్లేశం నాన్నను సైకిల్ మీద ఆఫీసు దగ్గర దింపి, అటునుంచి అటే ఊరేగింపుకు వెళ్ళేవాడు.

ఇన్నేళ్ళయినా, మీది ఏ ఊరని ఎవరైనా అడిగితే నా నోట కర్నూలు అని రాదు. తార్నాక అంటాను.