లావు గీత, సన్న గీత

బ్రాడీపేటలో పెళ్లికార్డుల వెనక దారి మ్యాపులు గీసే షమీమ్‌ది ఇరవయ్యేళ్లుగా ఒకటే మాట: గీత ఎంత లావుంటే జనం కంటికి రోడ్డు అంత వెడల్పు. పెద్దకూతురి పెళ్లికార్డుకి వచ్చిన పిడుగురాళ్ల ఇమ్మానియేలు గారు వింటేనా!

"మా చర్చి సందుని హైవే కంటే లావుగా గీయమ్మా. అందరికీ కనపడాలిగా!"

"బస్సు దూరుద్దండీ," అని విసుక్కుంటూనే గీసింది.

పెళ్లినాడు మగపెళ్లివారి బస్సు నిజంగానే సందులో దూరి ఇరుక్కుంది. పెళ్లికొడుకు సూటుతో కిటికీలోంచి దిగాడు.

రెండో కూతురి కార్డుకి ఆయన మళ్లీ వచ్చాడు. "ఈసారి వెంట్రుకంత సన్నగా గీయమ్మా."

"అసలు కనపడదండీ."

"పర్లేదు, గీయి."

గీసింది. ఈసారి బస్సు సందులో ఇరుక్కోలేదు. సందు కనపడక, పెళ్లికొడుకుతో సహా హైవే మీద ఊరు దాటిపోయి నేరుగా దాచేపల్లిలో తేలింది.